కాళ్లు నావి, ఒళ్లు అన్నయ్యది

మా చిన్నప్పుడు ఓ ఆదివారం... స్టీలు ప్లాంటు వాళ్ల సెక్టర్ 2 క్వార్టర్లో, ముందుగది గచ్చు మీద మా రోబో పొద్దుట్నుంచి పదోసారో పదిహేనోసారో బోర్లా పడింది. నేనూ అన్నయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకుని, తప్పు నీదంటే నీదని మొదలుపెట్టాం.

సుపేలా బజారులో నాన్న మా ఇద్దరికీ కలిపి కొన్న సెట్టు అది. ఐదు బండ్లు... ఐదూ విప్పి, మడిచి, ఒకదానికొకటి తగిలిస్తే ఒక పెద్ద రోబో అవ్వాలి. డబ్బా మీద బొమ్మలో అది ఒక మోకాలు వంచి, కత్తి పైకెత్తి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆకాశంలోకి ఎగిరిపోయేలా ఉండేది. లోపల ఉన్నదానికి అసలు మోకాలే లేదు! చేతులు పైకీ కిందకీ... అంతే. మోచెయ్యి వంచుదామంటే ఊడి చేతిలోకొచ్చేది. ఎడమ తుంటి జాయింటు ఎంత వదులంటే, పక్కింటి దీదీ గట్టిగా తలుపు వేస్తే ఆ అదురుకే మా వీరుడు కూలబడేవాడు. కత్తయితే డబ్బాలోనే లేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పంపకాల్లో అన్నయ్యకి మూడు బండ్లు వెళ్లాయి... తలతో సహా ఒళ్లు, రెండు చేతులు. పెద్దవాడు కదా! నాకు మిగిలినవి ఎర్ర ఫైరింజనూ, పసుప్పచ్చ సిమెంటు లారీ. అవే రోబోకి కాళ్లు.

మొదట ఏడ్చాను గానీ, రెండ్రోజుల్లో నాకు తెలివొచ్చింది. కాళ్లు లేకపోతే వాడి రోబో నిలబడదు. అన్నయ్యా వాడి స్నేహితులూ ఆడుకోవాలంటే నన్ను పిలవాల్సిందే. అంతవరకూ ఆడపిల్లనని నన్ను గేటు బయటే ఉంచినవాళ్లు, ఇప్పుడు నా ఫైరింజను కోసం బతిమాలేవారు. వాళ్ల ఆటలో నాకున్న చోటల్లా ఆ రెండు బండ్లే.

అందుకే పోట్లాటలు కూడా ఆ స్థాయిలోనే జరిగేవి. "టాంగే తేరీ, బాకీ సబ్ మేరా!" అని వాడు వీధిలో నేర్చిన హిందీలో అరిచేవాడు. కాళ్లు నీవి, మిగతాదంతా నాదీ అని. "అయితే కాళ్లు లేకుండానే ఆడుకో పో!" అని నేను రెండు బండ్లూ గౌనులో మూటగట్టుకుని పారిపోయేదాన్ని. వాడు జడ పట్టుకుని లాగేవాడు, నేను కొరికేదాన్ని... చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఆ ఆదివారం కూడా అదే జరుగుతుంటే నాన్న లేచి వచ్చారు. ఆయన ప్లాంటులో ఫిట్టరు. వదులు జాయింటు కంటపడితే ఆయనకి అన్నం సహించదు.

"ఏటర్రా ఈ గోల? ఇలా తెండి" అని రోబోని అందుకుని, తుంటి దగ్గర అటూ ఇటూ ఊపి చూశారు. "ఓర్నాయనో, ఇదేటి జాయింటు! ఇంత ప్లే ఉంటే ఇంకేటి నిలబడతాది?" అన్నారు. వదులుకి ప్లాంటు వాళ్ల మాట అది. ఏదో స్క్రూ బిగిస్తారు కాబోలనుకున్నాం మేము. ఆయన కుళాయి లీకులకి పెట్టే రెండు రంగుల ముద్ద తెచ్చి, రెండూ కలిపి పిసికి, తుంటి, నడుము, భుజాలు... ఆఖరికి మెడ కూడా నింపేశారు! గోడకి ఆనించి, నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసుకున్నారు. మర్నాటికి అది రాయి అయిపోయింది.

"ఇప్పుడు తొయ్యండి సూద్దాం! వందేళ్లైనా కదల్దు."

నిజమే, కదల్లేదు. చెయ్యి లేవలేదు, తల తిరగలేదు... నా ఫైరింజను మళ్లీ ఫైరింజను కాలేదు. "నా బండ్లు నాకిచ్చెయ్ నాన్నా" అని నేల మీద పడి దొర్లాను. "ఇంకా నీదేటి, ఆడిదేటి? ఇది మీ ఇద్దరిదీనమ్మా" అన్నారు నాన్న, అదేదో వరమిచ్చినట్టు. అన్నయ్య దాని చుట్టూ ఓసారి తిరిగి, "ఖడా తో హై, పర్ కర్తా క్యా హై?" అన్నాడు. నిలబడింది సరే, చేసేదేముంది అని.

మూడు రోజులకి వాడు బ్యాటు పట్టుకుని మైదానానికి పోయాడు. నన్ను పిలవలేదు. పిలవడానికి నా దగ్గరేముంది గనక! రోబో మాత్రం అమ్మకి పనికొచ్చింది... గాలికి పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేది.

మొన్న మా అబ్బాయికి అలాంటి ఐదు బండ్ల సెట్టే కొన్నాను. ఏం జాయింట్లండీ బాబూ! మోకాళ్లు, చీలమండలు, వేళ్లు కూడా... ఎక్కడ వంచితే అక్కడ టిక్కుమని ఆగుతుంది. డబ్బా మీది పోజు అచ్చు అలాగే పెట్టాను, ఒంటికాలి మీద కూడా నిలబడింది. అది చూడగానే పాత మంటంతా రేగింది. రిటైరయ్యాక నాన్న మా దగ్గరే ఉంటున్నారు. పక్కనే కూర్చున్న ఆయన్ని పట్టుకుని దులిపేశాను.

"బొమ్మంటే ఇలా కదలాలి నాన్నా! ప్లే ఉందని మా బొమ్మని రాయి చేసేశావు."

నాన్న కొత్త రోబో మోకాలు ఒకసారి వంచి, చాపి, కింద పెట్టారు.

"ప్లే కోసం కాదమ్మా... ఆ కాళ్ల కోసం మీరిద్దరూ రోజూ జుట్లు పీక్కునీవోరు. అన్నీ కలిపి ఒకటి సేసీస్తే గొడవుండదనుకున్నాను." రోబోని నా వైపు జరిపి, "మరింక కొట్టుకోలేదు కదా మీరు" అన్నారు.

నిజమే... ఆ తర్వాత మేము కొట్టుకోలేదు. ఆడుకోనూ లేదు.

అన్నయ్య ఉండేది రాయ్‌పూర్‌లో, గంట దూరం. పుట్టినరోజుకి మెసేజ్ పెడతాడు, నేను థ్యాంక్స్ అంటాను. బాగున్నావా అంటే బాగున్నా. ఒక్క మాట తేడా రాదు మాకు... ఒకప్పుడు వాడు నా జడ లాగనిదే పొద్దు గడిచేది కాదు.

అన్నతోనో చెల్లితోనో ఇప్పటికీ పోట్లాడుతున్నవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? దేని కోసమో కాస్త రాయండి... చదివి కుళ్లుకుంటాను.