ప్రారంభోత్సవానికి కోడె

బ్రెజిల్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడు, ప్రారంభోత్సవం చూడాలని మా నాన్న తెల్లవారకముందే లేచి టీవీ ముందు కూర్చున్నాడు. ఆయనకు ఆటలతో పని లేదు. మన ఒంగోలు గిత్తల సంతతి ఆ దేశం నిండా ఉందని ఎవరో చెప్పారు. అంత పెద్ద వేడుకలో ఒక్క గిత్తనైనా నడిపించకపోతారా అని ఆయన ఆశ. డాన్సులు వచ్చాయి, జెండాలు వచ్చాయి, చివరికి టపాకాయలూ పేలాయి. గిత్త మాత్రం రాలేదు.

"మన బిడ్డని తీసుకెళ్లి, పదిమందిలో చూపియ్యటానికి నామోషీ పడ్డార్రా" అన్నాడు.

కొన్నేళ్లకు మన దేశమూ ఆ ఆటల కోసం పోటీ పడుతోందని పేపర్లో వచ్చింది. పెళ్లిచూపులకు ఇంటికి సున్నం కొట్టించినట్టు, ప్రపంచం ముందు గొప్పగా కనపడాలని దేశాలు పడే ఈ తాపత్రయం నాకు చిరాకు. మిర్చి ధర పడిపోయి మేం ఏడుస్తుంటే స్టేడియాలేమిటని అరిచాను. వచ్చినవాళ్లకు ఏం చూపించాలో తేల్చేది ఢిల్లీవాళ్లు గానీ మా పర్చూరువాళ్లు కాదన్నాను. నాన్న వినలేదు. ఆ నెలలోనే మా ఆవు కోడెదూడను ఈనింది. దాన్ని ప్రారంభోత్సవంలో నడిపిస్తానన్నాడు.

"మనకిస్తారో లేదో. ఇచ్చినా అప్పటికి ఇది ముసలిదైపోద్ది నాన్నా."

"పోనీరా. ముసలి గిత్త నడకే నడక."

"అసలు నిన్నెవరు పిలుస్తారు?"

"పిలిచేనాటికి మనం సిద్ధంగా ఉండాలి గదా!"

కోడె జనానికీ చప్పుడుకీ బెదరకూడదని పట్టుపట్టాడు. చుట్టుపక్కల ఏ ఊరేగింపు ఉన్నా దాన్ని తోలుకుపోయేవాడు. తిరునాళ్ల మైకులు, పెళ్లి బ్యాండు, పార్టీలవాళ్ల టపాకాయలు, అన్నీ దానికి అలవాటు చేశాడు. మొదట్లో అది తాడు తెంచుకుని పత్తిచేలో పడి పరిగెత్తేది.

"ఏం పెద్దాయనా, టికెట్టొచ్చిందా?" అని ఊళ్లోవాళ్లు ఆటపట్టించేవారు.

"కోడెకొచ్చింది, నాకే రావాల" అని మీసం తడుముకునేవాడు.

అమ్మకు మాత్రం ఒళ్లు మండేది. దాని మీద పెట్టే శ్రద్ధలో సగం తన మోకాళ్ల మీద పెట్టమని సాధించేది. టీవీలో ఆటల వార్త వస్తే విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయేది.

పోయిన వేసవిలో, కళ్లంలో ఎండుతున్న మిరపకాయలు తిరగేస్తూ నాన్న కూలబడిపోయాడు. ఒంగోలు ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

పాడె లేచేటప్పుడు వాకిట్లో డప్పులు మోగాయి, టపాకాయలు పేల్చారు. గొడ్లచావిడిలో ఆవులు బెదిరి తాళ్లు గుంజుకున్నాయి. కోడె మాత్రం కదలకుండా నెమరు వేస్తూ నిలబడింది. అదీ బెదిరి, రంకె వేసి, తాడు తెంచుకుని ఉంటే బాగుండేదనిపించింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ తన్నుకొచ్చింది.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక సాయంత్రం టీవీలో మళ్లీ ఆ వార్త వచ్చింది. ఈసారి అమ్మ వంటింట్లోకి వెళ్లలేదు. గుమ్మం పట్టుకుని చివరిదాకా వింది.

"మనకే ఖాయం చేశారా?"

"ఇంకా లేదమ్మా. చాలా దేశాలు అడుగుతున్నాయి."

"వాళ్లకే ఇచ్చేస్తే బాగుండురా. మనకిస్తే, ఆ రోజు ఆయన లేకుండా నేనెట్టా చూసేది?"