చిన్నాయన గొంతు

బెళుగుప్పలో గొర్రెలు మేపే మా చిన్నాయన సాయంత్రం సందు మొదట్లోనే "వస్తాండా!" అని కేకేసేవాడు. చూపులేని చిన్నమ్మ ఆ కేక వినే సంగటి వడ్డించేది.

తొంభైల చివర్లో, వాన రాని ఒక ఏడు, ఆ కేక బొంగురుపోయింది. నెలలు గడిచినా తగ్గకపోతే నేనే అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. క్యాన్సర్ ఇంకా స్వరపేటిక దాటలేదనీ, దాన్ని తీసేస్తే బతకొచ్చుననీ, మాట మాత్రం ఉండదనీ డాక్టరు చెప్పాడు. వదిలేస్తే చుట్టూ ఉన్న కండలోకి, అన్నవాహికలోకి, మెడలోకి పాకుతుందన్నాడు.

"గొంతు కోసేస్తే చూపులేని ఆమెకు నేను యాడుంటానప్పా?" అని చిన్నాయన లేచి వచ్చేశాడు. ఇంట్లో మాత్రం దుమ్ముకు గొంతు పట్టిందని చెప్పాడు.

డాక్టరు చెప్పినట్టే అది పాకింది. మెడ పక్కన గడ్డ లేచి రాయిలా గట్టిపడింది. వేసవికి మాట పూర్తిగా పోయింది. గంజి కూడా దిగలేదు. అప్పుడు చిన్నమ్మ ఆయన మెడ తడిమి చూసి, "ఏమిది?" అని నన్నడిగింది. జరిగిందంతా చెప్పాను.

ఆమె చాలాసేపు చెయ్యి తీయలేదు.

"నీ అడుగు సప్పుడు నాకు తెలీదా? నన్నొక మాట అడిగింటే కోయించుకోమనేదాన్ని కదయ్యా."

చిన్నాయన బదులు చెప్పబోయి నోరు తెరిచాడు. ఒట్టి గాలే వచ్చింది.