పల్లవి దగ్గర ఊపిరి

సముద్రానికి అవతల, మా రేవు పట్నంలో, చిమిండైంగ్ పేట నుంచి లత అనే పేటకు వెళ్ళే బస్సులో ఒక పాత ఇంగ్లీషు ప్రేమ పద్యం చేతిలో పట్టుకుని గొణుక్కుంటున్నాను. ఆరేడు వందల ఏళ్ళ నాటిది. మర్నాడు తరగతిలో అందరి ముందూ చదవాలి. చిన్నప్పటి నుంచీ నాకు నత్తి. పాదాల చివర ప్రాసలు కలిసే చోట బాగానే పలికేదాన్ని గాని, ప్రతి చరణం చివరా తిరిగొచ్చే పల్లవి దగ్గర మొదటి అక్షరమే పట్టేసేది.

"అయ్యో, మళ్ళీనా!" అన్నాను పైకే.

పక్కన కూరగాయల బుట్టతో కూర్చున్న పెద్దావిడ నా వైపు తిరిగింది.

"మన తెలుగమ్మాయివేనేటి? ఏటి సదువుతున్నావు?"

చెప్పాను. నత్తి సంగతీ దాచలేదు.

"ఓపాలి సదువు."

నేను చదువుతుంటే ఆవిడ బుట్ట అంచు మీద వేళ్ళతో దరువు వేసింది. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా దరువు సరిగ్గా పడింది. పల్లవి దగ్గర నేను ఆగిపోయాను.

"మా తాత రేవులో జట్టుతో పాట పాడుకుంటా బస్తాలు మోసీవోడు. తిరిగొచ్చే మాట కాడ జట్టంతా ఊపిరి తీసుకునీవోరంట. నువ్వేమో అక్కడికే పరిగెడుతున్నావు. ముందు ఊపిరి తీసుకోమ్మా. ఆ మాట ఎక్కడికీ పోదు."

ఊపిరి తీసుకుని మళ్ళీ చదివాను. పల్లవి దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాతి స్టాపులో ఆవిడ దిగిపోయింది. పేరైనా అడగలేదు.

మర్నాడు తరగతిలో రెండు చోట్ల తడబడ్డాను, అంతే. అప్పటిదాకా అక్షరాలతోనే కుస్తీ; భయం తీరాక గాని, అది ప్రేమ పద్యమన్న సంగతి నా మనసుకెక్కలేదు.