మామ గదిలో రెండో టీవీ

ముందే ఒక మాట. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇది చదివి ఎవరైనా జాలిపడి మా ఇంటికి నిమ్మకాయలు, విభూది పట్టుకొస్తే గేటు దగ్గరే మంచినీళ్లిచ్చి పంపించేస్తాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

మాది కర్నూలు పక్కన కల్లూరు. మా ఆయనకు ఎరువుల అంగడి ఉంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పొద్దుపోక కాదు. మా వీధిలో పెళ్లి కుదిరిందంటే కల్యాణమండపం కంటే ముందు నా దగ్గరికి వస్తారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.

అందులో ఇరవై ఏళ్లు మా మామ మాతోనే ఉన్నాడు. కోయిలకుంట్ల దగ్గర సేద్యం చేసిన మనిషి. నేను కుట్టడం ఆయనకు కిట్టలేదు. "మన ఇంటి కోడలు ఊరోళ్ల రైకలు కుట్టేదేంది?" అని మా ఆయనతో అనేవాడు, సరిగ్గా నా చెవిన పడేట్టు.

ఇంట్లో ఒక్కటే టీవీ, హాల్లో. దాని రిమోట్‌కి మామ స్వయంగా ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి, ఒళ్లో పెట్టుకునేవాడు. ఇంకొకరు ముట్టుకునేది లేదు. సాయంత్రం ఏడు కొట్టిందంటే వార్తలు. నా మిషన్ పక్కనే వరండాలో ఉండేది. ఆ చప్పుడుకి వార్తలు వినపడవని ఆయన బాధ.

"ఆ మిషన్ నిలుపమ్మా, వార్తలు వస్తాండాయి."

రోజూ ఇదే మాట. నిలిపేదాన్ని. ఒక్కోసారి చేతిలో పెళ్లికూతురి జాకెట్ ఉంటుంది, ఇంకో గంటలో వాళ్లు వచ్చేస్తారు, అయినా ఆపాల్సిందే. పాదం తొక్కుడు మీదే పెట్టి, కదపకుండా అరగంట కూర్చునేదాన్ని. మా ఆయన ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఆ అరగంటలన్నీ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, అందుకే చెబుతున్నాను.

రెండేళ్ల కింద మామకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. మూడు నెలలు తన గదిలో మంచం మీద ఉండి చనిపోయాడు. ఆ మూడు నెలలూ సేవ చేసింది నేనే. ఏడయ్యేసరికి ఆయన కళ్లు తలుపు వైపు తిరిగేవి. హాల్లో టీవీ సౌండు పెంచి పెట్టేదాన్ని. అప్పుడు కూడా మిషన్ ఆపాను.

సంవత్సరీకం అయిపోయాక ఆ గది నాకు కావాలని అడిగాను. నా మిషన్ అక్కడ వేసుకుంటాను, ఒక హెచ్‌డీ టీవీ కూడా పెట్టించుకుంటాను అన్నాను. టీవీ ఎందుకంటే, నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది ఏడు గంటల సీరియల్లో కోడలు వేసుకున్న జాకెట్ కావాలని అడుగుతారు. హాల్లో పాత టీవీలో మెడ డిజైను మసకగా అలుక్కుపోయినట్టు కనపడుతుంది. ఫోనులో చూసుకోవచ్చు కదా అంటారు. చూశాను. అంత చిన్న తెరలో పూసేదో దారమేదో తెలిసి చావదు. పైగా ఇప్పుడు హాల్లో ఏడింటికి మా ఆయన వార్తలు చూస్తాడు. తండ్రి దగ్గర్నుంచి ఆ అలవాటు భద్రంగా వచ్చింది.

"నాయిన రూములో టీవీనా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు మా ఆయన.

"నాయిన పోయినాడు, రూము ఉండాది. నాకు పని చేసుకునేకి జాగా కావల్ల" అన్నాను. ఇరవై ఏళ్లలో ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి. సరేనన్నాడు. కానీ ఆ గది గడప మాత్రం తొక్కలేదు.

డిష్ పని చేసే మస్తాన్ వచ్చాడు. మా వీధిలో సగం ఇళ్లకు అతనే బిగించాడు. మిద్దె ఎక్కి, డిష్ ముందున్న ముక్క తీసేసి రెండు తీగలు పట్టేది వేశాడు. కొత్త నల్ల తీగ కిటికీ పక్కగా దింపి, మామ గదిలో రెండో బాక్స్ పెట్టాడు. హాల్లో మార్చితే ఇక్కడ మారుతుందా అని అడిగాను.

"లేదక్కా. దేని దారి దానిదే. ఆడ మీ ఆయన ఏం చూసినా ఈడ మీకేం కాదు" అన్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. కొత్త రిమోట్‌కి నేను కవరు తొడగలేదు. కావాలనే తొడగలేదు.

మొదటి రోజు సీరియల్ చూస్తుంటే పండగలా అనిపించింది. కోడలి జాకెట్ చేతి అంచున జరీ కుట్టు ఏ వైపు తిరిగిందో కూడా కనపడింది. కాగితం మీద గీసుకున్నాను.

రెండో రోజు సీరియల్ మొదలవుతుండగా ఠక్కున వార్తలు వచ్చాయి. హాల్లో వార్తల సంగీతం, అర క్షణం ఆలస్యంగా ఇక్కడ అదే సంగీతం. రిమోట్ మీద చెయ్యి పడిందనుకుని మార్చాను. నిమిషం తిరక్కుండా మళ్లీ వార్తలు. మళ్లీ మార్చాను. మళ్లీ వార్తలు. ఏడున్నర దాటాక ఏ గొడవా లేదు. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే.

భయం వేయలేదు. ఒళ్లు మండింది.

మొదట మా ఆయన్ని అనుమానించాను. మరుసటి రోజు ఏడింటికి హాల్లో టీవీ కట్టేయించి, ఆ రిమోట్ ఆయన జేబులోనే పెట్టి, స్కూటర్ మీద అంగడికి పంపించాను. అయినా మారింది. నా రిమోట్‌లో బ్యాటరీలు తీసి జొన్నపిండి డబ్బాలో వేశాను. అయినా మారింది. అప్పుడు మస్తాన్‌ని పిలిచాను. ఎవరైనా వార్తలకు టైమరు పెట్టారేమో చూశాడు, ఏమీ లేదు. బాక్స్‌ని కొత్తదానిలా అంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు. రెండు రోజులు చూసి, ఆ బాక్సే తీసేసి ఇంకోటి వేశాడు. ఏం చేసినా ఏడింటికి వార్తలే.

చివరికి ఒక సాయంత్రం మస్తానే వచ్చి నా మిషన్ స్టూలు మీద కూర్చున్నాడు. పక్కింటి రిమోట్ ఏదైనా కిటికీలోంచి తగులుతుందేమోనని కిటికీ మూశాడు. బాక్స్ ముందు రిమోట్ వెలుతురు పట్టే చోట నల్ల టేపు అంటించాడు. ఏడయింది. అతని కళ్ల ముందే మారింది. మస్తాన్ ఆ టేపు పీకేశాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. శానా ఇండ్లల్లో పని చేసినా, ఇట్లాంటిది చూడలా. పెద్దాయన పేరు మీద ఏమన్నా చేయించండి" అన్నాడు.

మా ఆయనకు ఇదే కావాలి. టీవీ వంటింట్లోకి మార్చుకో, గదికి తాళం వేద్దాం అన్నాడు. పూజ చేయిద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బతికున్నప్పుడు రోజుకు అరగంట ఇచ్చాను, ఇప్పుడు గది కూడా ఇవ్వాలా? దయ్యమే అయితే అది నాతో మాట్లాడుకోవాలి, మధ్యలో నిమ్మకాయలెందుకు అన్నాను. నమ్మకం లేదంటూనే అలా అన్నాను, నిజమే. కోపంలో మనిషి ఏదైనా అంటుంది.

ఆ తర్వాత పది రోజులు ఒక్కదాన్నే పోట్లాడాను. అది మార్చేది, నేను మార్చేదాన్ని. ఒక రోజు పైకే అనేశాను, "మామా, ఇది నా టీవీ" అని. మిషన్ మాత్రం ఆపలేదు. ఇంకా గట్టిగా తొక్కాను.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. పక్క వీధిలో ఒక పిల్లకి ఒంటిమిట్ట గుడిలో ఆదివారం పెళ్లి. శుక్రవారం సీరియల్లో కోడలి పెళ్లి జరుగుతుంది, ఆ పెళ్లి జాకెట్ వెనక మెడ ఎలా ఉంటే అచ్చం అలాగే కావాలని ఆ పిల్ల పట్టుబట్టింది. టౌన్లో కొత్తగా పెట్టిన పెద్ద షాపువాళ్లు అంత తక్కువ టైములో కాదన్నారట. నేను అవుతుందన్నాను. నోటి మాట ఇచ్చేశాను. శుక్రవారం ఆ వెనక మెడ చూడలేకపోతే శనివారం నేను కుట్టేదేమీ లేదు, ఆదివారం నా మొహం చూపించేదీ లేదు.

శుక్రవారం ఆరున్నరకు కాగితం, స్కేలు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నుంచి ఆ టీవీలో వంటల ఛానెల్ తప్ప ఏదీ పెట్టలేదు. ఏడుకు ఐదు నిమిషాలుండగా నాకొక ఆలోచన వచ్చింది. ఎలాగూ వార్తలే కదా కావాలి, నేనే పెడతాను, ఇంక మార్చడానికి ఏముంటుందో చూస్తాను అనుకున్నాను. ముఖ్య వార్తలు అయిపోయాక సీరియల్‌కి పోవచ్చు, తాళి కట్టేది ఎలాగూ చివర్లోనే. వార్తలు పెట్టి, రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి గుప్పిట్లో పట్టుకున్నాను.

ఏడయింది. వార్తల సంగీతం మొదలైంది. ఛానెల్ మారింది.

వంటల ఛానెల్‌కి కాదు. సీరియల్‌కి.

మళ్లీ వార్తలకు పోతుందని చూస్తున్నాను, పోలేదు. సీరియల్ సౌండు విని మా ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

"నువ్వు మార్చినావా?" అన్నాడు.

గుప్పిట తెరిచి రెండు బ్యాటరీలూ చూపించాను. ఆయన మొదటిసారి ఆ గదిలోకి వచ్చి నేల మీద కూలబడ్డాడు. "నాయిన..." అని ఆగిపోయాడు.

"ఆ పెన్సిల్ ఇట్లియ్యండి" అన్నాను. ఇచ్చాడు.

తాళి కట్టేటప్పుడు కెమెరా పెళ్లికూతురి వెనక్కి వెళ్లింది. ఆకుపచ్చ పట్టు మీద గుండ్రటి మెడ, చుట్టూ మూడు వరసల పూసలు, మధ్యలో జరీతో నెమలి కన్ను. గీస్తుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ప్రేమతో వచ్చాయనుకునేరు. కోపంతో వచ్చాయి. ఇది ఆయనే అయితే, ఈ ఒక్క పని చేయడానికి చచ్చిపోవాలా? గోడకు అటువైపే కూర్చున్నాడు కదా ఇరవై ఏళ్లు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, కానీలే కుట్టుకో అంటే పోయేదేముంది?

జాకెట్ శనివారం సాయంత్రానికి అయిపోయింది. ఆ పిల్ల వేసుకుని అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని నా చెయ్యి పట్టుకుంది.

మస్తాన్‌కి చెప్పాను. కొన్ని బాక్సులు చెడిపోతే అంతకుముందు చూసిన ఛానెల్‌కి అవే పోతాయన్నాడు. అంతకుముందు చూసింది వంటల ఛానెల్ కదా అన్నాను. అది బాక్స్ లోపమా, తీగ లోపమా, ఇంకేమైనానా, నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఆ శుక్రవారం తర్వాత మాత్రం అది ఒక్కసారి కూడా తనంతట తాను మారలేదు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ శుక్రవారం సీరియల్ అయిపోయాక బ్యాటరీలు రిమోట్‌లో వేసి, నేనే, నా చేత్తో, వార్తలు పెట్టాను. ఇప్పటికీ రోజూ ఏడున్నరకు ఆ గదిలో వార్తలు పెడతాను. భయపడి కాదు, మొక్కు కూడా కాదు. నాకు ఎవరూ ఇవ్వనిది నేను ఇవ్వగలను, అందుకు. మొదటి రోజు వార్తలు మొదలవగానే మా ఆయన చెయ్యి వాళ్ల నాయిన లాగే మిషన్ ఆపమన్నట్టు లేచింది. నేను ఆయన మొహంలోకి చూశాను. చెయ్యి దించేశాడు.

వార్తలు వస్తూనే ఉంటాయి. మిషన్ మాత్రం ఆపను.