కెన్యాలో మోగిన మా ఇంటి పళ్ళెం

ఏనుగును చూడడానికి విమానమెక్కి, సముద్రం దాటి వెళ్ళి, కంటి నిండా చూడకుండానే తిరిగొచ్చిన దంపతులు తమిళనాడు కృష్ణగిరి జిల్లా మొత్తంలో మేమే అయ్యుంటాం. అదీ ఎక్కడి నుంచి వెళ్ళామనుకున్నారు? జవళగిరి నుంచి! మా పెరట్లో నిలబడి తుమ్మితే అడవిలో ఏనుగు ఉలిక్కిపడుతుంది, అంత దగ్గర మా ఇల్లు. ఇంత దగ్గర ఉన్నవాళ్ళు అంత దూరం ఎందుకు వెళ్ళారని మీరు అడుగుతారు. అడగండి. తిరిగొచ్చిన దగ్గర్నుంచి అందరూ అడుగుతూనే ఉన్నారు. జరిగినదంతా చెప్పేస్తాను, నవ్వేదేదో ఒకేసారి నవ్వేయండి.

మా ఆవిడ సరోజది బాగలూరు. పుట్టింటివాళ్ళు గులాబీలు పండిస్తారు. వాళ్ళ తోటలోకి రాత్రిపూట అడక్కుండా వచ్చేది మంచు ఒక్కటే. మా జవళగిరిలో అలా కాదు. రాగి కంకి పాలు పోసుకుందంటే చాలు, ఏనుగులు పిలవని పెళ్ళికి చుట్టాలు దిగినట్టు దిగుతాయి. అవి వచ్చాయని కేక వినబడగానే నేను చేసే మొదటి పని, సరోజను ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం వేయడం. ఆ తర్వాత చేతికందిన పళ్ళెం దబదబా బాదుకుంటూ చేనికి పరుగెత్తడం. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే తంతు. ఆమె దృష్టిలో ఏనుగంటే పళ్ళెం చప్పుడు, పటాసులు, నా కేకలు, తెల్లారి చేలో ఎత్తి పారేయాల్సిన లద్దె. అంతకు మించి ఆమెకు ఏనుగుతో పరిచయం లేదు.

ఆ ఏడాది మాకు టమోటా బాగా కలిసొచ్చింది. నేను పెద్ద మనసు చేసుకుని, "ఏం కావల్లో అడుగు సరోజా. గొలుసా, గాజులా?" అన్నాను.

"ఏనుగును సూపీ," అంది.

"ఏనుగునా! అది మన చేన్లోకే వస్తా ఉండాది గదమ్మా!"

"వస్తే నాకేమొచ్చె? నువ్వు గొళ్ళెం పెట్టి పోతావు. ఇన్నేండ్లుగా దాని వాసన తెల్సు, దాని లద్దె తెల్సు. మొగం మాత్రం సూసింది లేదు. పగటిపూట, నిమ్మళంగా, కంటి నిండా ఒక్కతూరి సూడల్ల. గుడి ముందర గొలుసేసి నిలబెట్టిన దాన్ని కాదు. దాని పాటికి అది మేస్తా ఉండేదాన్ని."

పోనీ మా అడవి ఏనుగుల దగ్గరికే తీసుకుపోదామంటే వాటికి నా గొంతు తెలుసు, నా మీద పాత కోపాలున్నాయి. హోసూరులో యాత్రలకు తీసుకెళ్ళే ఒకాయనను అడిగాను. "కెన్యా పోండప్పా. జీపులో కూకుంటే చాలు, అదే వచ్చి మీ పక్కన నిలబడ్తాది," అన్నాడు. ఈ మాట చెప్పడం ఆలస్యం, సరోజ అటక మీది పెట్టె దించేసింది.

కెన్యాలో మా జీపులో మాతోపాటు ఇంకో జంట ఉన్నారు. కృష్ణగిరిలో బట్టల అంగడి పెట్టుకున్న శెట్టిగారు, ఆయన భార్య లలితమ్మ. శెట్టిగారి మెడలో సొరకాయంత కెమెరా. డ్రైవరు జోసెఫ్ ఆ దేశంవాడే. అతను ఇంగ్లీషులో చెప్పేది శెట్టిగారు మాకు తెలుగులో చెప్పేవారు. అందరూ మర్యాదస్తులు. నేనొక్కణ్ణే తేడా అని అప్పటికి ఎవరికీ తెలియదు.

మొదటి రోజు నుంచే నేను ఏనుగుల పండితుడి అవతారం ఎత్తాను. "శెట్టిగారూ, మీరేమీ యోచన చేయొద్దు. యాడున్నా సరే, నాకు వాసనతోనే తెలిసిపోతాది. నిద్దర్లో ఉన్నా లేసి చెప్తా!"

"అట్లనా! మీరుండంగ మాకేమి కొదవ," అన్నారు శెట్టిగారు, పాపం.

సింహాలు కనబడ్డాయి. సంగటి తిన్న మధ్యాహ్నం మా మామగారు పడుకున్నట్టు చెట్టు కింద వెల్లకిలా పడి ఉన్నాయి. జిరాఫీలు కనబడ్డాయి, జీబ్రాలు కనబడ్డాయి. సరోజ అన్నిటినీ మర్యాదగా చూసి, "ఏనుగు?" అనేది. ఏనుగు మాత్రం లేదు. "నేనొచ్చినానని వాటికి తెల్సిపోయినట్టుండాది," అని నేను పకపకా నవ్వాను. శెట్టిగారు నవ్వారు, లలితమ్మ నవ్వింది. సరోజ మాత్రం నవ్వలేదు, ఎందుకంటే ఇంకొక్క రోజే మిగిలింది.

ఆ చివరి రోజు జోసెఫ్ ఒక నీటి మడుగు దగ్గర జీపు ఆపాడు. పెదవుల మీద వేలు పెట్టుకుని గుసగుసగా ఏదో చెప్పాడు.

"ఏనుగులు ఈ దావలోనే నీళ్ళకి వస్తాయంట," అన్నారు శెట్టిగారు. "సద్దు చేయకుండా కూకోవాలంట. సద్దు చేస్తే మల్లా రావంట."

"ఈ సంగతి నాకి చెప్పల్లనా!" అన్నాను నేను, కాస్త నొచ్చుకుని.

కూర్చున్నాం. ఎండ ఎక్కింది. సరోజ సంచిలోంచి బొరుగుల డబ్బా, స్టీలు పళ్ళెం తీసింది. కాగితం పొట్లంలో తినడం ఆమెకు నచ్చదు, అందుకే పళ్ళెం కూడా మాతోపాటు విమానమెక్కింది. బొరుగుల్లో ముప్పాతిక భాగం నేనే తిన్నాను. కడుపు నిండింది, గాలి చల్లగా తగిలింది. ఒళ్ళో ఖాళీ పళ్ళెం, చేతిలో చెంచా, అలాగే కునుకు పట్టేసింది. నేను చేసిన తప్పు అదొక్కటే. మిగతాదంతా నా శరీరం నన్ను అడక్కుండా చేసింది.

నిద్రలో ముక్కుకు వాసన తగిలింది. బురద, విరిగిన పచ్చి కొమ్మలు, లద్దె. చూశారా, నేను శెట్టిగారికి చెప్పింది అబద్ధం కాదు! కళ్ళు తెరిచాను. జీపు కమ్మీకి జానెడు దూరంలో చేటంత చెవి ఊగుతోంది. ఒళ్ళు కెన్యాలోనే ఉంది గానీ మనసు జవళగిరిలో మా చేని గట్టు మీద ఉంది. ఒక్క గెంతులో సీటెక్కి నిలబడ్డాను.

"హోయ్! హోయ్! వచ్చినాయప్పో! పటాసు ముట్టియ్యండ్రా! హోయ్!"

అరుస్తూ పళ్ళెం బాదాను. ఎంత ఊపుగా బాదానంటే చెంచా నడుము వంగిపోయింది. పెద్ద ఏనుగు ఒక్క క్షణం నావైపు చూసింది. గున్నలు దాని కాళ్ళ సందున దూరాయి. తర్వాత గుంపు గుంపంతా తిరిగి, దుమ్ము లేపుకుంటూ పారిపోయింది. తెలుగు ఎక్కడ నేర్చుకున్నాయో తెలియదు.

"పోయినాయి! ఇంగ ఈ దిక్కుకి రావు!" అని గర్వంగా ప్రకటించాను. ఆ మాట బయటికొచ్చాక గానీ గుర్తు రాలేదు, అది మా చేను కాదని.

ఇక సరోజ సంగతి. ఏనుగులు పొదల్లోంచి ఒక్కసారిగా జీపు పక్కకే వచ్చేసరికి సంతోషంతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయట. ఏమీ కనబడక కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. తుడిచి పెట్టుకునేసరికి ఎదురుగా దుమ్ము తప్ప ఏమీ లేదు.

"యాడుండాయి?" అంది.

నేను చెంచా వంపు తీస్తున్నట్టు నటించాను.

"యాడుండాయి అంటా ఉండా!"

"పోయినాయి."

"ఎవురు తరిమినారు?"

చేతిలో ఉన్న పళ్ళెం మెల్లగా సీటు కిందికి తోశాను.

శెట్టిగారు కెమెరా నా ముందు పెట్టారు. "ఇదో సూడండప్పా. ఏనుగు తొండం ఎత్తె, నేను నొక్కితిని, నడమ మీరు లేసిరి." ఫొటో నిండా నా నోరే. కొండనాలుక కూడా స్పష్టంగా పడింది. ఒక మూలన ఏనుగు తోక కొస ఉందని లలితమ్మ అంటుంది. అది నా తువ్వాలు అంచని శెట్టిగారి వాదన. ఈ తగువు కృష్ణగిరిలో ఈనాటికీ తెగలేదు.

అంతలో జోసెఫ్ నన్ను ఎగాదిగా చూసి ఏదో అడిగాడు.

"మీరేం పని చేస్తారంటాడు," అన్నారు శెట్టిగారు.

"రైతునని చెప్పండి."

చెప్పారు. జోసెఫ్ ముఖం వెలిగిపోయింది. చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడాడు. విన్నంతసేపూ శెట్టిగారి భుజాలు నవ్వుతో ఎగిరెగిరి పడ్డాయి.

"వాళ్ళన్నకి మొక్కజొన్న చేనుండాదంట. ఏనుగులు తినేస్తా ఉండాయంట. పంట కోసేదాకా మీరు ఈడనే ఉండిపోతారా అని అడగతా ఉండాడు."

"ఉండనీండి," అంది సరోజ. "నేనొక్కదాన్నే పోతా."

అంత దూరం తిరుగు ప్రయాణంలో ఆమె నాతో అన్న మాట "కాళ్ళు తియ్యి" ఒక్కటే. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నగ అడగలేదు, చీర అడగలేదు. కాపురానికొచ్చాక నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, దాన్ని నా చేతులతో నేనే తరిమేశాను.

ఊరికి వచ్చిన కొన్నాళ్ళకు, బాగా తెల్లవారాక, ఫోను మోగింది. పక్క చేని మునెప్ప.

"అన్నా, నీ చేన్లో ఏనుగుండాది! పొద్దెక్కినా పోకుండా మేస్తా ఉండాది. బిరబిరా రా!"

అలవాటుగా పళ్ళెం కోసం చెయ్యి చాపాను. గూట్లో పళ్ళెం లేదు. తలుపు లాగాను. రాలేదు. బయట గొళ్ళెం!

"సరోజా!"

"సుమ్మనుండు!" మిద్దె మీద నుంచి ఆమె గుసగుస వినబడింది. "సద్దు చేసినావంటే ఈ జన్మకి తలుపు తీయను."

కిటికీలోంచి చూశాను. ఒంటి ఏనుగు. లేత ఎండలో, నా రాగి చేను నడుమ, ఏ తొందరా లేకుండా నిలబడి ఉంది. తొండంతో రాగి మొక్కలు పిడికెడు పెరికి, వేళ్ళ మట్టి రాలేలా ముంగాలికేసి రెండు దెబ్బలు కొట్టి, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. మా అమ్మ ఆకుకూర దులిపినట్టే. చిన్నప్పటి నుంచీ ఏనుగులను తరిమినవాణ్ణి, అవి ఇంత శుభ్రంగా తింటాయని నాకు తెలియదు. ఎంత అందంగా ఉందో! గొంతు దాకా వచ్చిన కేక అక్కడే ఆగిపోయింది.

ఫోనులో మునెప్ప తొందరపెడుతున్నాడు. "ఇంగా రాలేదేమన్నా? పోనీ నేను పటాసు ముట్టిద్దునా?"

"వద్దప్పా!" అన్నాను, గొంతు తగ్గించి. "నువ్వూ అరవద్దు. మీ వదిన సూస్తా ఉండాది."

పైన పళ్ళెంలో బొరుగులు గలగలమన్నాయి. కెన్యా నుంచి వచ్చాక సరోజ నాతో మామూలుగా మాట్లాడింది అప్పుడే.

"సూస్తా ఉండావా?"

"సూస్తా ఉండా."

"ఇంగెప్పుడూ అరవనని ఒట్టు పెట్టు, వచ్చి తలుపు తీస్తా."

కిటికీ కమ్మీలు పట్టుకుని, ఏనుగు సాక్షిగా ఒట్టు పెట్టాను. జవళగిరి వాస్తవ్యుణ్ణయిన నేను, నా భార్య చూస్తుండగా, మన దేశపు ఏనుగు ముందు గానీ పరాయి దేశపు ఏనుగు ముందు గానీ, మెలకువలో గానీ నిద్రలో గానీ, నోరు తెరవను, పళ్ళెం ముట్టను. నా అర ఎకరం రాగుల మీద ఒట్టు. ఆ అర ఎకరంలో అప్పటికి సగమే మిగిలింది, అయినా ఒట్టు ఒట్టే.

"పెట్టినాను గదమ్మా. ఇంగ తలుపు తీయి."

"ఉండప్పా," అంది సరోజ పైనుంచి, బొరుగులు నములుతూ. "ఇంగో రెండు వస్తా ఉండాయి."