చిలకపచ్చ యూనిఫాం చీర

తొంభైల చివర్లో తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెప్పేదాన్ని. ఒక జూన్‌లో టీచర్లకు కూడా యూనిఫాం పెట్టారు. చిలకపచ్చ పాలియెస్టర్ చీర. ఉతికితే గంటలో ఆరేది, ఇస్త్రీ అక్కర్లేదు. మిగతావాళ్లు సంతోషించారు. నాకు మాత్రం రెండో వారానికే నడుం చుట్టూ, మెడ మీద దద్దుర్లు లేచాయి. రేకుల గదిలో చెమటకు అవి మండేవి. పిల్లలు తలలు వంచి రాసుకునేటప్పుడు వీపును తలుపుకు ఆనించి రుద్దుకునేదాన్ని.

డాక్టరమ్మ చూసి, నూలు బట్టలే కట్టుకోమంది. హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగాను.

"అదే రంగులో దొరికితే కట్టుకోమ్మా. తేడా మాత్రం రాకూడదు" అంది.

బజారంతా తిరిగినా ఆ పచ్చ నూలులో దొరకలేదు. మా అత్త పుట్టిల్లు నారాయణవనం. అక్కడ తన చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో ఇంకా చేతిమగ్గం ఉందని, ఒక ఆదివారం నన్ను బస్సెక్కించి తీసుకుపోయింది.

ఆ ఇంటి ముందుగదిలో కొడుకులు పెట్టిన మరమగ్గాలు హోరున ఆడుతున్నాయి. వాటి మీద నేసేదీ పాలియెస్టరే. చేతిమగ్గం వెనక వసారాలో ఉంది. దాని మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. రంగు చూపించడానికి నేను కట్టుకుపోయిన యూనిఫాం చీర కొంగును అత్త స్నేహితురాలు చేతిలో నలిపి చూసింది.

"ఈ రంగు నూలుకు ఎక్కదు మే. నేను నేసి శానా దినాలాయ. మోకాళ్లు మడవలేకుండా ఉండా."

"పిల్ల ఒళ్లు ఒకసారి సూడు" అంటూ మా అత్త నా మెడ మీది కొంగు తొలగించింది.

ఆవిడ చూసింది. వెళ్లి మగ్గం మీది బట్టలు ఒక్కొక్కటిగా తీయసాగింది.

రెండు నెలలకు చీర పంపింది. నూలుకు రెండుసార్లు రంగు వేసిందట. అయినా చిలకపచ్చ కాలేదు, ముదురు వేపాకు రంగులో ఉంది. అది కట్టుకుని బస్టాపులో నిలబడితే ఒంటికి గాలి తగిలింది. ఎంతకాలమైందో అనిపించి కళ్లు చెమర్చాయి. హెడ్‌మిస్ట్రెస్ నన్ను ఎగాదిగా చూసి, "ఫోటోలప్పుడు వెనక వరసలో నిలబడు" అని వదిలేసింది.

దద్దుర్లు తగ్గాయి. కానీ ఉన్నది ఒక్క చీర. రోజూ సాయంత్రం ఉతకాలి, గంజి పెట్టాలి, తెల్లారి లేచి ఇస్త్రీ చేయాలి. కార్తీక వానల్లో ఆరేది కాదు. తడిచీరతోనే ఎన్నోసార్లు పాఠం చెప్పాను. రెండేళ్లు అలా గడిచాయి.

మూడో జూన్‌లో స్కూలువాళ్లు యూనిఫాం రంగు మార్చారు. ఈసారి నీలం, మళ్లీ పాలియెస్టరే.

"పోయి అడుగుదాం రామ్మా. ఆ యమ్మ కాదనదు" అంది అత్త.

"వద్దత్తా. పాపం, ఆమె మోకాళ్లు..."

"మరి నీ ఒళ్లు?"

"కొబ్బరినూనె రాసుకుంటాలే."

ఆవిడ మోకాళ్ల మీద జాలితో అన్నానని అత్త అనుకుంది. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. ఆ గంజి, ఆ ఇస్త్రీ మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాలో లేకపోయింది. నీలం చీరతో ఇంకో అయిదేళ్లు అక్కడే పనిచేశాను. దద్దుర్లు తిరిగొచ్చాయి. వాటి గురించి మళ్లీ ఎవరికీ చెప్పలేదు.