కల్హాత్ సమాధికి ఓబులమ్మ చక్కెర

2026 ఫిబ్రవరి 6, శుక్రవారం. మస్కట్, వాడి కబీర్. బయలుదేరిన సమయం ఉదయం 6.40. హాజరు: నేను, నా మేనల్లుడు ప్రసాద్, అతని భార్య లావణ్య, వాళ్ళ నాలుగేళ్ళ పాప హాసిని.

ఆ ఉదయం డైరీలో రాసుకున్నది ఉన్నదున్నట్టు దించాను. ముప్పై ఎనిమిదేళ్ళు రోడ్లు, భవనాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. కొలతలూ సమయాలూ నేను తప్పు రాయను. పై జాబితా మాత్రం తప్పు.

ఒమన్ వచ్చి నెలైంది. ప్రసాద్ చూపించిన పెద్ద అంగళ్ళన్నీ చూశాను. చివరికి, ఏదైనా పాత కట్టడానికి తీసుకెళ్ళమని నేనే అడిగాను. సూర్ దారిలో కల్హాత్ అనే శిథిల నగరం, అందులో సుమారు ఏడువందల ఏళ్ళనాటి బీబీ మర్యం సమాధి ఉన్నాయని చదివాను. నూట యాభై కిలోమీటర్లు. రోడ్డు చక్కగా ఉంది. ఎడమవైపు సముద్రం, కుడివైపు చెట్టన్నది లేని కొండలు.

వెనక సీట్లో పాపకు ఒకపక్క నేను, ఇంకోపక్క ఓబులమ్మ. ఆమెది కడప జిల్లా. ఆ ఇంట్లో వంట చేస్తుంది, పాపను చూసుకుంటుంది. ఊరెళ్ళి మూడేళ్ళయింది.

"సార్, ఆ బీబమ్మ ఎవురు?" అని మెల్లగా అడిగింది.

కల్హాత్ పాలకుడి భార్య అనీ, భర్త పోయాక తానే ఊరిని ఏలిందనీ, ఆ సమాధి ఆమె పేరు మీదే నిలిచిందనీ చెప్పాను.

"ఆడమనిషి ఏలిందా! అయితే ఆడోళ్ళ మాట ఇంటాదిలే."

ఎందుకలా అందో అప్పుడు అడగలేదు.

8.05కి బిమ్మా దగ్గర నేల కుంగి ఏర్పడిన నీలం నీటి గుంట చూసి, అక్కడే ఇడ్లీలు తిన్నాం. ఓబులమ్మ నాలుగింటికే లేచి చేసినవి. మేమంతా తిన్నాక, పాప మూతి తుడిచి, గిన్నెలు సర్ది, మిగిలిన రెండూ కారు పక్కన నిలబడి తింది. "కానీ, కానీ, లేటవుతోంది" అన్నాడు ప్రసాద్. తను పావుగంట సేపు ఫొటోలు తీసుకున్నప్పుడు లేని లేటు!

9.30కి కల్హాత్. వెళ్ళదలచినవారు లోపలికి ఎప్పుడు రానిస్తారో ముందే కనుక్కోండి. ఆ రోజు మమ్మల్ని కంచె దాకానే రానిచ్చారు. అక్కడి నుంచే చూశాను. నలుచదరపు గది. గుమ్మటం కూలిపోయింది. చదరపు గోడల మీద గుండ్రటి గుమ్మటం నిలవాలంటే నాలుగు మూలలకూ అడ్డంగా చిన్న కమానులు తిప్పాలి. ఆ పని ఎంత నేర్పుగా చేశారో కూలిపోయాక కూడా తెలుస్తోంది. రాయి, పగడపు దిమ్మలు, సున్నం. గోడల వెలుపల గూళ్ళు. కింద కమాను కప్పుతో నేలమాళిగ ఉందట. ఒకప్పుడు గోడలకు రంగుల మెరుగు పలకలు ఉండేవట. మన దేశానికి గుర్రాలు ఇక్కడే ఓడెక్కేవి. చైనా పింగాణీ ఇక్కడ దిగేది, ఆ పెంకులు తవ్వకాల్లో దొరికాయి. ఇప్పుడు చుట్టూ రాళ్ళ గుట్టలే.

నేను బొమ్మ గీసుకుంటూండగా కాపలా ఆయన వచ్చాడు. బలోచీ పెద్దమనిషి, ఉర్దూ బాగా వచ్చు. "కిత్నే ఆద్మీ?" అని ఎంతమందిమో అడిగాడు.

"చార్" అన్నాడు ప్రసాద్.

ఆయన మా వెనక్కి చూసి, "పాంచ్" అన్నాడు.

వెనక ఓబులమ్మ. ఒక చేతిలో మడిచిన పచ్చగుడ్డ, ఇంకో చేతిలో చక్కెర పొట్లం. ఆమె ఊళ్ళో హిందువులైనా సరే, దర్గాకు వెళ్ళి పచ్చగుడ్డ కప్పి, చక్కెర చదివిస్తారు. సమాధి అనగానే ఇదీ దర్గానే అనుకుంది.

లావణ్య పకపకా నవ్వింది. "ఓబులమ్మా, ఇదేమన్నా మీ కడప అనుకున్నావా?"

"మా కూతురికి వచ్చే నెల కాన్పు మేడమ్. వాళ్ళత్త కూడా ల్యాదు. నేను పోకుంటే పక్కన ఎవురుంటారు? మీ మనసు మెత్తబడాలని మొక్కుకున్యా."

నవ్వు ఆగింది. కాపలా ఆయనకు నా వచ్చీరాని ఉర్దూలో విషయం చెప్పాను. "బెహన్, ఇది దర్గా కాదు. గుడ్డ కప్పకూడదు. దువా ఎక్కడైనా చేయొచ్చు" అని, ఆయనే ముందుగా రెండు చేతులూ చాచి కళ్ళు మూసుకున్నాడు. ఓబులమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. తరవాత చక్కెర అందరికీ పంచింది. పాప చెయ్యి చాచింది.

"ఛీ, పారెయ్ హాసినీ!" అని లావణ్య పాప చేతిని దులిపింది.

నాకు ఒళ్ళు మండింది. నా వంతు నోట్లో వేసుకుని ప్రసాద్‌ను అడిగాను: "ఈవిడ పాస్‌పోర్టు ఎక్కడ?"

"మా బీరువాలో. భద్రంగా ఉంది మామయ్యా."

"సెలవు?"

"హాసిని స్కూలు అడ్మిషన్ అయ్యాక అనుకున్నాం. మీరు నెల రోజుల చుట్టం. ఇక్కడ పనిమనిషి దొరకడం ఎంత కష్టమో మీకేం తెలుసు?"

"కూతురి కాన్పు మీ అడ్మిషన్ కోసం ఆగుతుందా? వినరా. ఆమెకు పాస్‌పోర్టూ టికెట్టూ ఇచ్చేదాకా మీ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను. మేనమామ అలిగి పస్తున్నాడని మీ అమ్మకు నువ్వే చెప్పుకో."

11.15కి తిరుగు ప్రయాణం. ఆ కోపంలో డైరీ తెరిచాను. ఆ నెలంతా "టీ 6.10, టిఫిన్ 8, టీ 4.30" అని నిమిషాలతో సహా ఉంది. తెచ్చిచ్చిన మనిషి పేరు ఒక్కచోటా లేదు. ఉదయం జాబితాలో ప్రసాద్ కంటే ముందు నలుగురినే లెక్కేసినవాణ్ణి నేనే. వాళ్ళ మీద కోపం తగ్గలేదు కానీ, సగం నా వైపు తిరిగింది.

మరునాడు ఉదయం ఆరింటికి సంచి సర్దుకుని హాల్లో కూర్చున్నాను. 6.10కి టీ వచ్చింది. ముట్టలేదు. 7.20కి ప్రసాద్ వచ్చాడు. రాత్రి వాళ్ళమ్మ ఫోనులో ఏమందో గానీ, ముఖం వాచినట్టుంది. పాస్‌పోర్టు, అందులో పెట్టిన టికెట్టు కాగితం నా చేతికివ్వబోయాడు. పదిహేనో తారీకు, నేను వెళ్ళే విమానమే.

"నాది నా దగ్గరుంది. ఆమె చేతికివ్వు" అన్నాను.

ఇచ్చాడు. ఓబులమ్మ తన ఫొటో ఉన్న పేజీ తెరిచి చూసుకుని, పాస్‌పోర్టును ఆ పచ్చగుడ్డలోనే చుట్టుకుంది.

తరవాత టీ నేనే పెట్టాను. ఆమె కూర్చోనంటే గదమాయించి కూర్చోబెట్టాను. పొట్లంలో మిగిలిన చక్కెరంతా వేశాను. మరీ తియ్యగా ఉంది. ఇద్దరం తాగాం.

7.50. డైరీలో నిన్నటి జాబితా కొట్టేసి, ఓబులమ్మ పేరు ముందు పెట్టి, మళ్ళీ రాశాను.